ముసుగు తానే తొడుక్కున్న చిత్రకారుడు: ఫిలిప్ గస్టన్

1969లో ఫిలిప్ గస్టన్ వేసిన ‘ద స్టూడియో’ అనే తైలవర్ణ చిత్రంలో ఒక మనిషి ఈజిల్ ముందు బొమ్మ వేస్తూ ఉంటాడు. అతని తలను, నల్లవారి మీద హింసకు పేరుపడ్డ అమెరికా తెల్లజాతి దురహంకార సంఘం కూ క్లక్స్ క్లాన్ వాళ్లు తొడుక్కునే కోసు ముసుగు పూర్తిగా కప్పేసి ఉంటుంది. కళ్లు ఉండవలసిన చోట నిలువుగా రెండు నల్లటి చీలికలు, ముసుగు పొడవునా కుట్టు కనబడేలా విడివిడిగా పెట్టిన చిన్న గీతలు, ఒక చేతిలో కుంచె, మరో చేతి లావుపాటి వేళ్ల మధ్య కాలుతున్న సిగరెట్టు. పైనుంచి ఒక బల్బు వేలాడుతుంటుంది. ఈజిల్ మీద తయారవుతున్న బొమ్మ కూడా కోసు ముసుగుదే. అంటే ఆ మనిషి తన రూపాన్ని తానే చిత్రించుకుంటున్నాడు. పిల్లల కార్టూను పుస్తకంలోంచి ఊడిపడ్డట్టున్న ఈ బొమ్మ, నాకు తెలిసినంతలో, ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ చిత్రకళలో అత్యంత ధైర్యమైన ఆత్మచిత్రం.

సాంఘిక వ్యంగ్య చిత్రాలకు అలవాటుపడిన మన మనసులో ఒక ఏర్పాటు స్థిరపడిపోయి ఉంటుంది. తప్పు చేసినవాడు ఒకడు, అతన్ని వేలెత్తి చూపే చిత్రకారుడు మరొకడు, చూసి నవ్వుకునే ప్రేక్షకులం మనం. ఈ ముగ్గురిలో చివరి ఇద్దరూ ఎప్పుడూ నిర్దోషులే. గస్టన్ తన చివరి పన్నెండేళ్లలో చేసిన పని ఈ ఏర్పాటును చెడగొట్టడం. ఆయన దుర్మార్గుడి బొమ్మ వేసి, ఆ దుర్మార్గుడి చేతికి తన కుంచెను, తన సిగరెట్టును ఇచ్చాడు. అందుకు ఆయనకు కార్టూను గీత తప్ప వేరే దారి లేకపోయిందని, ఆ గీతను చూసి ముఖం చిట్లించిన 1970 నాటి విమర్శకులూ, ఆ ముసుగులను చూసి భయపడిన 2020 నాటి మ్యూజియం అధికారులూ ఒకే విషయాన్ని గ్రహించలేకపోయారని నా వాదన.

గస్టన్ అసలు పేరు ఫిలిప్ గోల్డ్‌స్టైన్. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సా ప్రాంతంలో యూదుల మీద జరుగుతున్న హింసను తప్పించుకుని కెనడా చేరిన కుటుంబంలో, 1913 జూన్ 27న, మాంట్రియల్‌లో పుట్టాడు. కొన్నేళ్లకు ఆ కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు వలస వచ్చింది. అక్కడ తండ్రికి తగిన పని దొరకలేదు. వీధుల వెంట తిరిగి పాత సామాన్లు పోగుచేసి అమ్ముకునే బతుకయింది. ఫిలిప్‌కు పదేళ్ల వయసు వచ్చే నాటికి ఆయన ఉరి వేసుకుని చనిపోయాడు. శరీరాన్ని మొదట చూసింది ఆ పిల్లవాడేనని గస్టన్ జీవితాన్ని రాసినవాళ్లు చెబుతారు. ఆ తర్వాత ఫిలిప్ ఇంట్లో బట్టలు పెట్టుకునే చిన్న అర గదిలోకి దూరి, ఒకే ఒక బల్బు వెలుతురులో గంటల తరబడి బొమ్మలు వేసుకునేవాడు. కొడుకు పట్టుదల గమనించిన తల్లి అతన్ని క్లీవ్‌లాండ్‌కు చెందిన ఒక కార్టూన్ పాఠశాలవారి పోస్టల్ కోర్సులో చేర్పించింది. ఆ కోర్సు అతను పూర్తి చేయలేదు. అయినా ఆ గదిలోని బల్బు, ఆ తాడు, ఆ కార్టూను గీత, మూడూ నలభై ఏళ్ల తర్వాత కాన్వాసుల మీదికి తిరిగి వచ్చాయి.

అప్పటి పత్రికల్లో జార్జ్ హెరిమన్ గీసే ‘క్రేజీ క్యాట్’ కార్టూన్లంటే ఫిలిప్‌కు ప్రాణం. ఒక పిల్లి, దాని నెత్తిన ఇటుక విసిరే ఎలుక, ఎలుకను పట్టుకుపోయే పోలీసు కుక్క, వెనుక ఎడారి. ఏళ్ల తరబడి ఇదే కథ. గస్టన్ చిత్రాల్లో గాలిలో ఎగిరే ఇటుకలు, నేల అంచు మీద ఒంటరిగా నిలబడ్డ వస్తువులు, ఖాళీ ఆకాశం, ఇవన్నీ ఆ ఎడారి నుంచి వచ్చినవే. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెల్లవాడిగా జీవితమంతా చెలామణీ అయిన హెరిమన్, న్యూ ఆర్లీన్స్‌లో మిశ్రమ జాతి క్రియోల్ కుటుంబంలో పుట్టాడని, పుట్టుక నమోదులో ఆయన్ని నల్లజాతివాడిగానే రాశారని 1971లో బయటపడింది. అప్పటికి ఆయన చనిపోయి పాతికేళ్లు దాటింది. ఆ కార్టూన్లు చూస్తూ ఎదిగిన కుర్రవాడు పెద్దయ్యాక ముసుగుల చిత్రకారుడయ్యాడు, గోల్డ్‌స్టైన్ అనే యూదు పేరు వదిలి గస్టన్ అని పెట్టుకున్నాడు. పేరు మార్చుకున్నందుకు ఆయన తర్వాత చాలా బాధపడ్డాడని కూతురు రాసింది. ముసుగు అన్నది ఈ మనుషులకు కేవలం పరాయివాళ్లు తొడుక్కునేది కాదు.

క్లాన్ కూడా ఆయనకు పత్రికల్లో చదివి తెలుసుకున్న సంగతి కాదు. 1920లలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దానికి బలం ఉండేది; నల్లవారితో పాటు యూదులూ, కాథలిక్కులూ, కార్మిక సంఘాలూ దానికి శత్రువులే. సమ్మెలు విచ్ఛిన్నం చేయడానికి వాళ్లు రావడం యువకుడిగా తాను చూశానని గస్టన్ చెప్పాడు. 1930లో, పదిహేడేళ్ల వయసులో, ఆయన వేసిన ‘కాన్‌స్పిరేటర్స్’ చిత్తురూపం ఇప్పుడు న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఉంది. ముందువైపు ముసుగు వేసుకున్న ఒకడు తల వంచి, లావుపాటి తాడును వేళ్లతో తడుముతుంటాడు. అతని వెనుక గుంపుగా మరికొందరు ముసుగువాళ్లు. దూరంగా మోడువారిన చెట్టుకు వేలాడుతున్న నల్లజాతి మనిషి. ముసుగుల మడతలకు ఇటలీ పునరుజ్జీవన కాలపు చిత్రాల్లోని బరువు, నునుపు ఉంటాయి. పియెరో డెల్లా ఫ్రాంచెస్కాను ఆరాధించిన చేయి అది. ఆ తర్వాత స్కాట్స్‌బరో కేసు మీద కొన్ని ఫలకాలు వేశాడు. అలబామాలో 1931లో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్లను చేయని నేరంలో ఇరికించిన కేసు అది. 1933లో లాస్ ఏంజెలెస్ పోలీసుల ‘రెడ్ స్క్వాడ్’ దాడి చేసి ఆ ఫలకాలను నాశనం చేసింది. బొమ్మల్లోని నల్లవారి కళ్ల మీద, మర్మాంగాల మీద తుపాకీ గుళ్ల రంధ్రాలు ఉన్నాయని గస్టన్ గుర్తు చేసుకునేవాడు. 1934-35లో మిత్రుడు రూబెన్ కాడిష్‌తో కలిసి మెక్సికోలోని మొరేలియాలో హింసకు వ్యతిరేకంగా ఒక పెద్ద కుడ్యచిత్రం వేశాడు. అందులోనూ ముసుగులున్నాయి. ఏళ్ల తరబడి ఒక అడ్డుగోడ వెనుక మరుగున పడి, 1973లో అది మళ్లీ వెలుగు చూసింది.

ఆ తొలినాటి ముసుగులను, 1969 నాటి ముసుగులను పక్కపక్కన పెట్టి చూస్తే నా వాదన ఎక్కడిదో తెలుస్తుంది. 1930 నాటి బొమ్మ నిజాయితీగలది, నైపుణ్యం నిండినది, ధర్మాగ్రహంతో వేసినది. అయినా అందులోని ముసుగు మనిషి గంభీరంగా, దాదాపు గంభీరతకే ప్రతిమలా ఉంటాడు. చెడుకు అంత పెద్ద ఆకారం ఇచ్చినప్పుడు చూసేవాడికి ఒక సౌకర్యం ఏర్పడుతుంది: అంత భయంకరమైనవాడు నేనెలాగూ కాను, మా వీధిలో కూడా ఎవరూ లేరు. కార్టూను గీత ఆ సౌకర్యాన్ని తీసేస్తుంది. ఉబ్బిన వేళ్లు, పొట్టి శరీరం, బొమ్మకారంత చిన్న కారు, కుదురుగా కుట్టని ముసుగు. చూడగానే నవ్వు వస్తుంది, చేరువ అనిపిస్తుంది, ఎవరో తెలిసినవాడిలా ఉన్నాడే అనిపిస్తుంది. ముక్కూ ముఖమూ లేని ఆ కోసు ఆకారంలో ఎవరి తల అయినా పడుతుంది.

1940ల చివరి నుంచి గస్టన్ మనిషి బొమ్మలనే వదిలేశాడు. 1950లలో ఆయన వేసిన నైరూప్య చిత్రాలు, మంచు లోంచి గులాబీ రంగు మెల్లగా గడ్డకట్టినట్టుండేవి, ఆయనకు గొప్ప పేరు తెచ్చాయి. హైస్కూలు రోజుల నుంచీ స్నేహితుడైన జాక్సన్ పొలాక్, రోత్‌కో, డి కూనింగ్ వంటి ప్రసిద్ధ నైరూప్య చిత్రకారుల సరసన ఆయన పేరు నిలబడింది. 1962లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆయన జీవితకాలపు పనిని ప్రదర్శించింది. అదే ఏడాది న్యూయార్క్‌లోని జానిస్ గ్యాలరీ, కార్టూన్లూ ప్రకటనల బొమ్మలూ వాడుకుని చిత్రాలు వేసే పాప్ కళాకారులకు ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, నిరసనగా ఆ గ్యాలరీని విడిచిపెట్టిన చిత్రకారుల్లో గస్టన్ ఒకడు. కార్టూను బొమ్మలూ డబ్బాల లేబుళ్లూ గొప్ప కళ కాబోవని నమ్మిన బృందంలో ఆయనా ఉన్నాడు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత వచ్చిన మలుపు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

1967లో ఆయన న్యూయార్క్ నగరం వదిలి వుడ్‌స్టాక్‌లో స్థిరపడ్డాడు. వియత్నాం యుద్ధం, 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య, అదే ఏడాది ఆగస్టులో షికాగోలో డెమొక్రాటిక్ పార్టీ సమావేశం బయట యువకుల మీద పోలీసుల లాఠీలు. ఆ రోజుల గురించి ఆయన అన్న మాటలు తర్వాత చాలామంది ఉటంకించారు: ఇంట్లో కూర్చుని పత్రికలు చదువుతూ, అన్నింటి మీదా నిస్సహాయంగా మండిపడుతూ, ఆ తర్వాత స్టూడియోలోకి వెళ్లి ఎర్ర రంగుకూ నీలి రంగుకూ పొత్తు కుదుర్చుకునే నేను ఎలాంటి మనిషిని? ఈ ప్రశ్నలో నన్ను పట్టి ఆపేది చివరి భాగం. ఆయన అడిగింది దేశం ఎలాంటిదని కాదు. తాను ఎలాంటివాడినని.

మొదట చిన్న చిన్న పలకల మీద ఒక్కొక్క వస్తువునే వేశాడు. పుస్తకం, బూటు, ఇటుక, బల్బు, గడియారం. అక్షరాలు దిద్దుకుంటున్నవాడి పట్టుదలతో వేసిన ఆ చిన్న బొమ్మల్లోంచి ముసుగు పైకి వచ్చింది. కొన్ని ముసుగులను పుస్తకం నుంచో, రాతి ఫలకం నుంచో వేరు చేసి చెప్పలేం. అన్నీ ఒకే మొరటు దీర్ఘచతురస్రాల కుటుంబానికి చెందినవి. రంగు కూడా అంతే. కాడ్మియం ఎరుపును తెలుపుతో తడిమీద తడిగా కలిపితే వచ్చే గులాబీని ఆయన జీవితాంతం వదల్లేదు. పైన పూసిన తెల్ల రంగు కింది ఎరుపును తాకిన ప్రతిచోటా మరక పడుతుంది. ఆ మరక ముసుగు మీద పడ్డప్పుడు అది రక్తమా, కుంచె తుడిచిన గుర్తా అని తేల్చుకోలేక ఆగిపోతాం. ఆ రెండూ ఒకటే అయ్యే అవకాశాన్ని ఆ రంగు మన ముందు పెడుతుంది.

1970 అక్టోబరులో న్యూయార్క్ మార్ల్‌బరో గ్యాలరీలో ఈ కొత్త చిత్రాలను ప్రదర్శించినప్పుడు కళాలోకం ఆయన మీద విరుచుకుపడింది. న్యూయార్క్ టైమ్స్‌లో హిల్టన్ క్రేమర్ రాసిన సమీక్ష శీర్షికే, దేబె వేషం కట్టిన పండితుడు అనే అర్థంలో ఉంది. చదువుకున్న చేయి చదువు రానట్టు నటిస్తోందని, పైగా ఆ నటన కూడా ఆలస్యంగా మొదలయిందని ఆయన ఆరోపణ. స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ గస్టన్‌కు ఆప్తమిత్రుడు. ఎలా ఉన్నాయని గస్టన్ అడిగితే, ఇంకొక్క నిమిషం చూడనివ్వమన్నాడట. ఆ నిమిషంతో వారి స్నేహం తెగిపోయింది. గస్టన్ పోయిన తర్వాత, 1984లో, ఫెల్డ్‌మన్ ఆయన పేరుతో నాలుగు గంటలకు పైగా సాగే ఒక సంగీత రచన చేశాడు. ఆ ప్రదర్శనను మనస్ఫూర్తిగా మెచ్చుకున్న అతికొద్దిమందిలో డి కూనింగ్ ఒకడు. ఈ బొమ్మల అసలు విషయం స్వేచ్ఛే కదా అన్నాడని గస్టన్ సంతోషంగా చెప్పుకునేవాడు.

క్రేమర్‌ను తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. గస్టన్ పండితుడే. ఈ కార్టూను బొమ్మల్లో ఇటలీ పునరుజ్జీవన చిత్రకారుడు మసాచ్చో ఉన్నాడు, స్పెయిన్ చిత్రకారుడు గోయా ఉన్నాడు, ఆయన ఇష్టపడిన పియెరో ఉన్నాడు. అయితే ఆ పాండిత్యాన్ని దాచిపెట్టాడన్న నింద నిలవదు. చిత్రం దగ్గరికి వెళ్లి చూసినవారికి అది అడుగడుగునా కనిపిస్తుంది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న ‘సిటీ లిమిట్స్’ చూడండి. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్లు దాటిన వెడల్పు ఉన్న కాన్వాసు. అంత పెద్ద కాన్వాసులో ముగ్గురు ముసుగువాళ్లు ఒక చిన్న నల్లటి డొక్కు కారులో ఇరుక్కుని కూర్చుని, మనిషన్నవాడు లేని గులాబీ రంగు ఊళ్లోకి వస్తుంటారు. వాళ్లు ఎక్కడికి పోతున్నారో తెలియదు. పని ముగించుకుని వస్తున్నారో, పనికి వెళుతున్నారో తెలియదు. ముందు నిలబడితే కారు చక్రం నా ఛాతీ ఎత్తుకు దగ్గరగా వచ్చింది. దూరం నుంచి హాస్యంగా ఉన్న ఆ చక్రం దగ్గర నుంచి బరువైన, మందమైన నల్ల రంగు ముద్ద. అది ఎవరి మీదుగానైనా దొర్లగలదు. కార్టూను ఆకారాన్ని కుడ్యచిత్రమంత పెద్దదిగా చేయడంలో ఆయన పాండిత్యమంతా ఉంది. పత్రికలో రెండంగుళాల గడిలో ఉంటే చూసి పేజీ తిప్పేసే బొమ్మ, మన ఒళ్లంత అయి ఎదురుగా నిలబడితే తప్పించుకు పోలేం.

ఈ చిత్రాలలో బాధితులు దాదాపుగా కనిపించరు. ఒకటి రెండు చోట్ల కారు వెనుక నుంచి బూట్లు తొడుక్కున్న కాళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి, అంతే. మిగతా సమయమంతా ముసుగువాళ్లు కార్లలో తిరుగుతారు, చుట్ట కాలుస్తారు, కబుర్లాడుకుంటారు, కిటికీలోంచి బయటికి చూస్తారు, మేకులు దిగగొట్టిన కర్రలు పక్కన పెట్టుకుని మామూలుగా ఉంటారు. తాను ముసుగు వెనుక ఉన్నట్టు ఊహించుకున్నానని, చెడ్డవాడిగా ఉండడం ఎలా ఉంటుంది, పథకం వేయడం, కుట్ర పన్నడం ఎలా ఉంటుంది అని తెలుసుకోవాలనుకున్నానని గస్టన్ చెప్పాడు. యూదుల మీద దాడులకు పేరుపడ్డ రష్యా గుర్రపు సైనికులు కొసాక్కులతో కలిసి తిరిగి వాళ్ల గురించి కథలు రాసిన యూదు రచయిత ఐజక్ బాబెల్‌ను ఆ సందర్భంలో తలచుకున్నాడు. చంపేవాడి తీరిక సమయం ఎలా ఉంటుందన్నదే ఆయన పట్టుకున్న విషయం. హత్య కొన్ని నిమిషాలు. ముందూ వెనుకా ఉన్నదంతా సిగరెట్లు, భోజనాలు, కారు ప్రయాణాలు, నిద్ర. హింస నిలదొక్కుకునేది ఆ మామూలుతనం మీదే.

ఇదే కాలంలో, 1971లో, ఆయన అధ్యక్షుడు నిక్సన్ మీద ఒక వరుస వ్యంగ్య రేఖాచిత్రాలు వేశాడు. మిత్రుడు, నవలాకారుడు ఫిలిప్ రాత్‌తో సాగిన సంభాషణలు వాటికి ప్రేరణ. గస్టన్ బతికుండగా అవి అచ్చు కాలేదు. 2001లో పుస్తకంగా వచ్చాయి. నిక్సన్ ముక్కు, చెంపలు ఏ రూపం దాల్చాయో చూసినవారు మరిచిపోలేరు. రేఖ చురుకైనది, హాస్యం బూతు అంచున నడుస్తుంది. నాకవి నచ్చుతాయి. అయితే నిక్సన్ ఒక నిర్దిష్టమైన మనిషి, ఆయన తప్పులు ఆయనవి, మనం ఇవతల క్షేమంగా ఉంటాం. అందుకే ముసుగుల చిత్రాలు చేసే పని ఆ రేఖాచిత్రాలు చేయవు. 1975లో వేసిన ‘సాన్ క్లెమెంటే’కి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. పదవి పోగొట్టుకుని, రక్తనాళాల జబ్బుతో వాచిపోయిన కాలును ఈడ్చుకుంటూ సముద్రపు ఒడ్డున నిలబడిన నిక్సన్ చెంప మీద ఒక కన్నీటి చుక్క ఉంటుంది. ఆ వాచిన కాలు గస్టన్ తన సొంత బూట్లకూ కాళ్లకూ వాడిన గీతతోనే గీశాడు. అక్కడ ఆయన నిక్సన్‌ను క్షమించలేదు. అతనిది కూడా మనిషి శరీరమేనని ఒప్పుకున్నాడు. వ్యంగ్యంలో అంతకంటే కష్టమైన మెట్టు నాకు కనబడదు.

గస్టన్ 1980 జూన్ 7న చనిపోయాడు. నలభై ఏళ్ల తర్వాత, 2020లో, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, బోస్టన్, హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియాలు, లండన్ టేట్ మోడర్న్ కలిసి ఆయన చిత్రాలతో భారీ ప్రదర్శన తలపెట్టాయి. కోవిడ్ వల్ల మొదట వాయిదా పడింది. ఆ ఏడాది మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపాడు. దేశమంతా వీధుల్లోకి వచ్చింది. సెప్టెంబరులో ఆ నాలుగు మ్యూజియాల అధిపతులూ ప్రదర్శనను 2024 దాకా వాయిదా వేస్తున్నట్టు ప్రకటించారు. గస్టన్ కృషికి కేంద్రమైన సాంఘిక, జాతి న్యాయ సందేశాన్ని మరింత స్పష్టంగా వివరించగల సమయం వచ్చేవరకు ఆగుతామన్నారు. దాన్ని ఖండిస్తూ కళాకారులు, రచయితలు రాసిన బహిరంగ లేఖ మీద చివరకు రెండు వేలమందికి పైగా సంతకాలు చేశారు. వారిలో పేరున్న నల్లజాతి కళాకారులు ఎందరో ఉన్నారు. టేట్ తరఫున ప్రదర్శన రూపొందించిన మార్క్ గాడ్‌ఫ్రీ ఈ నిర్ణయాన్ని బాహాటంగా విమర్శించినందుకు ఆయన్ని విధుల నుంచి తాత్కాలికంగా తప్పించారు. అలజడి తర్వాత తేదీలు ముందుకు జరిగి, ప్రదర్శన 2022 మే నెలలో బోస్టన్‌లో మొదలైంది.

వాయిదాను సమర్థించినవారి వాదనలో బలం ఉంది. వాళ్లు నిషేధం కోరలేదు. ఆ మ్యూజియాలను నడిపేవారూ, ప్రదర్శన రూపొందించినవారూ ప్రధానంగా తెల్లవారే. అలాంటి సంస్థలు, అలాంటి సమయంలో, గోడల నిండా క్లాన్ ముసుగులు వేలాడదీసి ఇది వ్యంగ్యమని నల్లజాతి సందర్శకుడికి చెప్పడం చెవిటితనం అవుతుందని అన్నారు. తాను ముసుగు వేసుకున్నట్టు ఊహించుకోగల తీరిక తెల్లవాడిగా చెలామణీ అయ్యేవాడికే ఉంటుందని, ఆ ముసుగు పేరు వింటేనే తాతల కాలపు ఉరితాళ్లు గుర్తొచ్చేవారికి ఉండదని కూడా అన్నారు. ఈ రెండో మాట నన్ను చాలాకాలం వెంటాడింది. అది నిజం. అయితే ఆ నిజం గస్టన్ చిత్రాలకు వ్యతిరేకం కాదు, వాటిలోనే ఉంది. ఆ చిత్రాలు నల్లవారి బాధ గురించి నల్లవారికి పాఠం చెప్పడానికి వేసినవి కావు. ముసుగు ఊహించుకోగలిగినవారికి, అంటే ముసుగు తమకు పట్టేవారికి వేసినవి. 2017లో విట్నీ ద్వైవార్షిక ప్రదర్శనలో డేనా షుట్జ్ అనే తెల్లజాతి చిత్రకారిణి, 1955లో మిసిసిపీలో హత్యకు గురైన పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ శవాన్ని చిత్రించినప్పుడు వచ్చిన ఆగ్రహం నాకు అర్థమవుతుంది. పరాయి కుటుంబపు శవాన్ని ఆమె తన కాన్వాసుకు తెచ్చుకుంది. గస్టన్ తెచ్చుకున్నది శవాన్ని కాదు, చంపినవాడి బట్టలను. వాటిని తన ఒంటికే కొలిచి చూసుకున్నాడు. ఈ తేడాను సందర్శకులు పట్టుకోలేరని ముందుగానే అనుకోవడం వారిని గౌరవించడం కాదు.

నల్లజాతి చిత్రకారులు ఈ బొమ్మలను ఎలా చదివారో చూస్తే ఆ భయం ఎంత అనవసరమో తెలుస్తుంది. టెక్సస్‌లో పెరిగిన ట్రెంటన్ డోయల్ హాంకాక్ కార్టూను భాషలోనే చిత్రాలు వేస్తాడు. ‘టార్పీడోబాయ్’ అనే తన నల్లజాతి వీరుడిని గస్టన్ ముసుగువాళ్లకు ఎదురుగా నిలబెట్టి 2014 నుంచి ఒక వరుస చిత్రాలు వేశాడు. ఆయన పెరిగిన పారిస్ అనే పట్టణంలో 1893లో హెన్రీ స్మిత్ అనే నల్లజాతి మనిషిని వేలమంది చూస్తుండగా హింసించి కాల్చి చంపారు. ఆ చరిత్రను మోస్తున్నవాడు గస్టన్ చిత్రాల నుంచి పారిపోలేదు. వాటితో వాదించాడు, వాటిలోకి తన మనిషిని పంపించాడు. 2024లో న్యూయార్క్ యూదు మ్యూజియం ఇద్దరి చిత్రాలనూ ఒకేచోట ప్రదర్శించింది. వాయిదా ప్రకటన రాసినవారు కోరిన వివరణ ఇంతకంటే బాగా ఏ గోడ మీది పలకా చేయలేదు.

బోస్టన్‌లో ఆ ప్రదర్శన నేను చూశాను. ప్రవేశం దగ్గర, ఈ చిత్రాలు మనసును కలవరపెట్టవచ్చని, తమ స్థితిని గమనించుకుంటూ చూడమని ఒక మానసిక నిపుణురాలి సలహాతో చిన్న కరపత్రం ఇచ్చారు. ముసుగుల చిత్రాలు వద్దనుకునేవారు పక్కకు తప్పుకుని వెళ్లడానికి వేరే దారి ఉంచారు. కరపత్రం పట్ల నాకు అభ్యంతరం లేదు. ఎవరికైనా ఊరట కలిగితే మంచిదే. నన్ను బాధించింది ఆ పక్కదారి. దాని అవసరం నిజంగా ఉన్నవారు ఉంటారు. కానీ నా కళ్లెదుట దాన్ని వాడుకున్నది ఎక్కువగా, కలవరపడడానికి ఇష్టపడని, ఏ ముసుగూ ఎన్నడూ భయపెట్టి ఉండని కుటుంబాలు. ఎవరి ముఖం కోసం గస్టన్ ఆ చిత్రాలు వేశాడో వారికే తప్పించుకునే దారి దొరికింది. ఆయన కూతురు మూసా మేయర్ 2020లోనే హెచ్చరించింది, ప్రమాదం తన తండ్రి చిత్రాలను చూడడంలో లేదని, ముఖం తిప్పుకోవడంలో ఉందని.

నేను ఆ గదిలో చాలాసేపు నిలబడడానికి కారణం అమెరికా చరిత్ర ఒక్కటే కాదు. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపారు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. చుండూరు కేసులో 2007లో ఇరవై ఒక్కమందికి ప్రత్యేక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధిస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ ఊళ్లలో ఎవరూ ముసుగు వేసుకోలేదు, వేసుకోవలసిన అవసరమే లేకపోయింది. మన పత్రికల వ్యంగ్య చిత్రాల్లో కులదౌర్జన్యం చేసేవాడికి బానపొట్ట, మెలితిప్పిన మీసం, చేతిలో గండ్రగొడ్డలి ఉంటాయి. అతన్ని చూసి, అతనితో వియ్యమందేవారూ, పెళ్లిళ్లలో అతని పక్కన కూర్చుని భోంచేసేవారూ కూడా నవ్వుకుని పేజీ తిప్పగలరు. అతను వాళ్లెవరినీ పోలి ఉండడు కాబట్టి. పంట అమ్ముకుని, పిల్లల ఫీజు కట్టి, సాయంత్రం కాఫీ తాగుతూ కబుర్లు చెప్పే మనిషిగా అతన్ని గీసిన బొమ్మ, అందులోనూ గీసినవాడు తన కళ్లజోడునే అతనికి పెట్టిన బొమ్మ, తెలుగులో నాకు తారసపడలేదు. అటువంటి బొమ్మను ఏ పత్రికైనా వేస్తే, 1970లో మార్ల్‌బరో గ్యాలరీలో గస్టన్ విన్న మాటలే ఆ చిత్రకారుడూ వింటాడు. గీత మొరటుగా ఉందంటారు, అభిరుచి తగ్గిందంటారు. అసలు అభ్యంతరం మాత్రం ఎవరూ పైకి చెప్పరు.

2022 డిసెంబరులో మూసా మేయర్ తన తండ్రి చిత్రాలూ రేఖాచిత్రాలూ కలిపి 220 కృతులను, వాటి పరిరక్షణకు, పరిశోధనకు కోటి డాలర్లను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తున్నట్టు వెల్లడైంది. వాటిలో సుమారు డజను చిత్రాలను యాభై ఏళ్లపాటు ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచాలన్నది ఒప్పందం. ఇకమీద వాటిని మొత్తంగా వాయిదా వేయడం ఎవరికీ సాధ్యం కాదు. వేటిని ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం మాత్రం మ్యూజియం చేతిలో ఉంటుంది. 1950లలోని గులాబీ మంచు చిత్రాలతో ఆ డజనును నింపేయడం చాలా సులువు. అవి అందమైనవి, ఎవరినీ నొప్పించవు. ఆ పని జరగకూడదని కోరుకుంటున్నాను. ముసుగుల కాలపు చిత్రాల్లో కనీసం ఒకటి ఎప్పుడూ గోడ మీద ఉండాలి. పక్కగదిలో కాకుండా, అమెరికా స్థాపకుల నూనెరంగుల నిలువెత్తు చిత్రాలు చూసి వచ్చే జనం తప్పనిసరిగా దాటి వెళ్లే దారిలో ఉండాలి.